బిడ్డను తూచి సూది వెయ్యండి

స్కాన్ అంటే బొమ్మ తియ్యడమేనని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. అన్ని స్కాన్లూ ఒకటి కావు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు. ఎముకలకూ, కిడ్నీలకూ, క్యాన్సర్‌కూ చేసే న్యూక్లియర్ స్కాన్‌లో కిరణాలిచ్చేది సూదితో ఒంట్లోకి ఎక్కించే మందే. మిషను బయటనుంచి వాటిని పట్టుకుంటుంది, అంతే. టెక్నీషియం మందు బలం 6 గంటలకు సగమవుతుంది. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్ మందుది 110 నిమిషాలకు.

మరి పెద్దలకూ పిల్లలకూ ఒకే సూదా? కాదు. పెట్ స్కాన్ మందు ఒక్కో మెగాబెకరల్‌కు పెద్దవాళ్ళకు 0.019 మిల్లీసీవర్టులు తగిలితే, అయిదేళ్ళ బిడ్డకు 0.056 తగులుతుందని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం లెక్క. అంటే అదే మందుకు దాదాపు మూడు రెట్లు! ఒళ్ళు చిన్నది, ముందున్న బతుకు పెద్దది. అందుకే బరువు చూసి మోతాదు తగ్గించాలి.

భయపడి స్కాన్ మానుకోమని మేం చెప్పడంలేదు. అవసరమైన స్కాన్ ప్రాణం నిలబెడుతుంది. కానీ కూలిచేసుకునే తల్లికి ఏం అర్థమవుతుందిలే అని, ఒక్క మాట చెప్పకుండా వేలిముద్ర వేయించుకోవడం వైద్యం కాదు, పెత్తనం.

అడుగుదాం. ఈ స్కాన్ దేనికి? రేడియేషన్ లేని పరీక్షతో పని జరగదా? బిడ్డను తూచారా? ఎంత మందు ఎక్కించారో రాసిస్తారా? పాత రిపోర్టును పట్టా కాగితంలా దాచుకుందాం. అది పోతే మళ్ళీ సూది తప్పకపోవచ్చు. డాక్టరు వద్దనకపోతే, స్కానయ్యాక నీళ్ళు బాగా తాగించి మాటిమాటికీ ఒంటికి పంపాలి.

అడగడం పొగరు కాదు, మన హక్కు.