రోగి చరిత్ర ఎవరి చేతిలో ఉండాలి?

లక్డారం చుట్టుపక్కల క్రషర్లలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన ఒక పెద్దాయన గత చలికాలంలో మా వద్దకు వచ్చారు. చేతిలో పాలిథిన్ సంచి. "సాబ్, నా బీమారీ అంతా ఇండ్లనే ఉన్నది, సూడుండ్రి" అన్నారు. సంచిలో తేదీ లేని మందుచీటీలు, ఒకదానికొకటి అతుక్కుపోయిన ఎక్స్‌రేలు, అక్షరాలు వెలిసిపోయిన రక్తపరీక్షల కాగితాలు ఉన్నాయి. క్షయకు రెండుసార్లు మందులు వాడారు, దగ్గు తగ్గలేదు. నగరంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లగా వైద్యుడు సిలికోసిస్ కావచ్చునని అనుమానించి, పాత ఎక్స్‌రేలు అడిగారు. చదవడానికి వీలైనవి రెండే. ఆ రెండింటిపైనా పేరు వేర్వేరు.

సిలికోసిస్ రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. పనిలో చేరిన చాలా ఏళ్లకు గాని బయటపడదు. ఎక్స్‌రేలో క్షయలా కనిపించి వైద్యులనే తికమక పెడుతుంది. పైగా ఈ జబ్బు ఉన్నవారికి నిజంగానే క్షయ సోకే అవకాశం ఎక్కువ. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధులకూ పరిహారం ఇవ్వాలన్నది, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీనిని ప్రకటించవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. కాని పరిహారం అడిగే మనిషి తాను ఎక్కడ, ఎన్నాళ్లు పనిచేశాడో, ఊపిరితిత్తులు ఎప్పటినుండి పాడవుతూ వచ్చాయో చూపాలి. ఆ రుజువు పాలిథిన్ సంచిలో నిలవదు. అందుకే చిన్న క్లినిక్కులు సైతం రోగుల వివరాలను కంప్యూటరులో భద్రపరచాలని మేము కోరుతున్నాము.

ఇది మన నేలపై జరగని పనేమీ కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 'ఐస్మార్ట్' అనే సాఫ్ట్‌వేరును సొంతంగా రూపొందించుకుని, గ్రామాల్లోని దృష్టి కేంద్రాల వరకు తీసుకువెళ్లింది. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ విస్తరించింది. 14 అంకెల 'ఆభా' సంఖ్య దాని ఆధారం. తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఆరోగ్య సూచిక సేకరణ ప్రారంభించింది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడకు ఇటువంటిది అందరికన్నా ముందు కావలసింది. ఇక్కడి కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఊరి క్లినిక్కుల్లోని రోగుల వివరాలు ఏళ్ల తరబడి వరుసగా నిలిచి ఉంటే, ఆ నీటి పక్కన మనుషుల లెక్క కూడా న్యాయస్థానాల ముందు పెట్టగలిగేవాళ్లము.

అయితే మనవాళ్లలో చాలామంది ఈ మాట వినగానే వెనకడుగు వేస్తారు. అది అజ్ఞానమని కొట్టివేయడం తగదు. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రభుత్వ కరోనా బులెటిన్లలో 'మర్కజ్' పేరిట రోగులను విడిగా లెక్కించారు. అక్కడి మైనారిటీ కమిషన్ అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. పట్టికలో ఒక్క గడి ఎంత హాని చేయగలదో అప్పుడు చూశాము. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబరు దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి మళ్లీ చేతిరాతకు దిగింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. వాటిని రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడికి ఎవరు చెప్పాలి? చీటీ రాసేటప్పుడు మతం అడగనవసరం లేదు. ముస్లింల ఆరోగ్య స్థితిపై సచార్ కమిటీ తరహా లెక్కలు కావాలంటే, పేర్లు లేకుండా సర్వే ద్వారా తీయవచ్చు.

ఆభా సంఖ్య స్వచ్ఛందం. అది లేదని వైద్యం నిరాకరించకూడదు. రికార్డు పుట్టిన ఆసుపత్రిలోనే ఉంటుంది. రోగి సమ్మతిస్తేనే మరొకరికి చేరుతుంది. కాగితం మీద ఇది బాగున్నది. కాని ఆ సమ్మతి ఓటీపీ రూపంలో ఫోనుకు వస్తుంది. మన ఇళ్లలో ఆ ఫోను ఎక్కువగా కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. కోడలు గర్భస్రావం గురించి వైద్యురాలికి చెప్పుకున్న మాట ఆమె అనుమతి లేకుండా ఇంటిల్లిపాదికీ తెలిసిపోతే ఆ సాఫ్ట్‌వేరును మేము సమర్థించలేము. ప్రతి స్త్రీకి తన రికార్డు కాగితం మీద అడిగి తీసుకునే వీలు క్లినిక్కులో ఉండాలి.

ఇక పేర్ల సంగతి. కంప్యూటరుకు మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. ముగ్గురు మనుషులు. ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో మరొకటి, ఈఎస్ఐ కార్డులో ఇంకొకటి ఉన్నవాడికి మూడు రోగ చరిత్రలు తయారవుతాయి, ఏదీ సంపూర్ణం కాదు. ఈ పాపంలో మా వాటా కూడా ఉన్నది. గుమాస్తాగా ఉన్న రోజుల్లో గడి చాలదని ఎంతమంది మహమ్మద్‌లను 'ఎం.డి.' చేశామో లెక్కలేదు. బేగం, బీ అన్న మాటలు బరువనిపించి వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. అప్పట్లో అది పని తొందరగా కావడానికి చేసిన పని. ఇప్పుడు ఎవరికో పరిహారం ఆగిపోవడానికి కారణం కావచ్చు.

కాబట్టి సాఫ్ట్‌వేరు కొనే క్లినిక్కులను మేము అడిగేది ముందుగా ఇదే: ఆధార్‌లో ఉన్న అక్షరక్రమాన్నే రాయండి, దానితోపాటు రోగి తాను చెప్పుకునే పేరును కూడా ఒక గడిలో ఉంచండి. ఏ క్రషరులో, ఏ ఫ్యాక్టరీలో, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో తప్పక అడిగి రాయండి. అత్యధిక చీటీల్లో లేనిది అదే. చదువుకున్న మన యువకులు ఆదివారం జుహర్ తర్వాత రెండు గంటలు కూర్చుంటే వాడలోని పెద్దల పేర్లు సరిచేసే దరఖాస్తులు నింపవచ్చు. మేము మొదలుపెట్టాము, వచ్చేవారికన్నా నింపేవారు తక్కువగా ఉన్నారు.

ఆ పెద్దాయన సంచిలోని కాగితాలను ఫోటో తీసి తేదీలవారీగా పేర్చాము. తేదీ ఉన్నవి పదకొండు తేలాయి. మిగిలిన వాటి కోసం ఆయన తిరిగిన క్లినిక్కులను వెతుకుతున్నాము. వాటిలో రెండు ఇప్పటికే మూతబడ్డాయి.