‘పితామహుడు’ అనే ముందు

హ్యాండ్‌బాల్ చరిత్ర రాసేవారిలో చాలామంది కార్ల్ షెలెంజ్‌ను ఆ క్రీడకు పితామహుడంటారు. ఆ బిరుదుతోనే నాకు పేచీ.

1917లో బెర్లిన్‌లో మాక్స్ హైజర్ ఈ ఆటకు నియమాలు రాసింది స్త్రీల కోసం. ఎదుటివారితో కలబడరాదన్నది అందులో ఒకటి. 1919లో షెలెంజ్ వాటిని పురుషులకు అనువుగా సవరించి, ఆ నిషేధాన్ని సడలించాడు. సవరించినవాడు తండ్రి అయ్యాడు. మొదట ఆడినవారు మరుగున పడ్డారు.

ఆపై జరిగింది చూడండి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పదకొండుగురి మైదానపు హ్యాండ్‌బాల్ పురుషులకే. ఇండోర్ ప్రపంచ పోటీలు పురుషులకు 1938లో, స్త్రీలకు 1957లో మొదలయ్యాయి. 1972లో మ్యూనిక్‌లో ఏడుగురి ఆటగా ఒలింపిక్స్‌కు తిరిగివచ్చినప్పుడూ అది పురుషులకే. తమకోసం పుట్టిన ఆటలో ఒలింపిక్ పతకానికై స్త్రీలు 1976 మాంట్రియల్ దాకా, అంటే 59 ఏళ్ళు వేచి ఉన్నారు.

ఆనాటి కాలమే అంత అంటారా? మరి వాలీబాల్ 1964 టోక్యోలో ఇద్దరికీ ఒకేసారి ఎలా దక్కింది?

షెలెంజ్ కృషిని నేను తక్కువ చేయను. ఆయనను పితామహుడనే ముందు, ఆ 1917 నాటి స్త్రీలను ఒక్క వాక్యంలోనైనా తలవమంటున్నాను. అంతకంటే ఎక్కువ అడిగానా?