ఆంగ్ల ప్రాక్టికల్స్: మాటకు మార్కులు సరే, వినడం నేర్పేదెప్పుడు?

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు 2023-24 విద్యా సంవత్సరంలో మొదటి ఏడాది విద్యార్థులకు ఆంగ్లంలో ప్రాక్టికల్ పరీక్షను ప్రవేశపెట్టింది. నూరు మార్కుల్లో 20 దీనికి, మిగిలిన 80 రాతపరీక్షకు. ప్రాక్టికల్స్ అంటే సైన్స్ ల్యాబ్ మాత్రమే గుర్తుకొచ్చే కళాశాలల్లో ఇది చిన్న మార్పు కాదు. పరీక్షకు రానిది తరగతి గదిలోకీ రాదన్నది అధ్యాపకులందరికీ తెలిసిన సంగతే.

అయితే మౌఖిక పరీక్షకు తేలిక దారి కంఠస్థం. స్వీయ పరిచయాన్ని, ఒకటి రెండు సంభాషణలను ముందే రాసుకుని అప్పజెప్పవచ్చు. పరీక్షకులు ఒక్క ఎదురు ప్రశ్న వేస్తే ఆ కట్టడం కూలుతుంది. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది కూడా అక్కడే. జవాబు తెలియక కాదు, ప్రశ్న చెవికి అందక.

దీనికి మూలం రెండు భాషల స్వభావంలో ఉంది. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది. ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలకడం మనకు అలవాటు. ఆంగ్లం ఒక అక్షరాన్ని ఊని పలికి, పక్కవాటిని సగం మింగేస్తుంది. ఫొటోగ్రాఫ్‌లో ఊనిక మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండో అక్షరం మీద ఉంటుంది. ఆఫ్, టు, ఫర్ వంటి చిన్న మాటలు వాక్యంలో దాదాపు వినిపించవు. పుస్తకంలో వెంటనే పోల్చుకునే పదాలే వినేసరికి కొత్తవిగా తోస్తాయి. ఈ స్థితిలో వ్యాకరణ సూత్రాలు మళ్లీ వల్లె వేయించినా ప్రయోజనం స్వల్పం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సమస్య ఆంగ్ల పాఠంతో ఆగదు. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోనే ఉండాలని అప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి వినే శక్తి లేకపోతే ఆర్థికశాస్త్రమూ అందదు, వృక్షశాస్త్రమూ అందదు. అలాంటివారు చివరికి గైడ్లనే నమ్ముకుంటారు.

ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటి ఏడాది భాషా ప్రయోగశాల ఉంటుంది. కానీ హెడ్‌ఫోన్లలో వినిపించేది తరచూ బ్రిటిష్ ఉచ్చారణే. అదీ అవసరమే, కాదనలేం. అయితే రేపు ఈ విద్యార్థులు పనిచేయాల్సింది తమిళ, మరాఠీ, బెంగాలీ సహోద్యోగులతో. ఆ గొంతులు ఏ ల్యాబ్‌లోనూ అంతగా వినిపించవు.

ఖరీదైన పరికరాలు లేని కళాశాలలోనూ పని మొదలుపెట్టవచ్చు. రెండు నిమిషాల వార్తను ఫోన్‌లో రెండుసార్లు వినిపించి, అందులోని విషయాన్ని పక్కనున్నవారికి సొంత మాటల్లో చెప్పమనాలి. మొదట్లో కొంత తెలుగులో చెప్పినా అభ్యంతరం అక్కర్లేదు, విన్నది అర్థమైందో లేదో తేలుతుంది. యాసను చూసి నవ్వే తరగతిలో మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఆ 20 మార్కుల్లో కొన్నింటినైనా విద్యార్థి ముందుగా చూడని అంశాన్ని అప్పటికప్పుడు వినిపించి అడిగే ప్రశ్నలకు కేటాయిస్తే, కంఠస్థానికి చోటు తగ్గుతుంది.