పొయ్యి మంట వేడెంత?

పెరట్లో చిన్న కట్టెలపొయ్యి ఉందా? దాని మంట వేడెంతో తెలుసుకోవడానికి ఒక్క ఇనుప చువ్వ చాలు. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం దగ్గరికి తేకండేం!

సన్నటి చువ్వను పటకారుతో పట్టుకుని, మునిమాపువేళ మసక వెలుతుర్లో రెండు మూడు నిమిషాలు మంటలో ఉంచండి. మసక ఎరుపొస్తే సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు. పండుమిరప రంగైతే 800 దాకా. నారింజకు తిరిగితే 900 దాటినట్టే. కొలిమి దగ్గర కమ్మరి చూసేదీ ఈ రంగులే. జింకుపూత తీగ వాడకండి, కాలితే వచ్చే పొగ ఒంటికి చెరుపు. అడుగున, నడుమ, కొసన విడివిడిగా చూడండి, ఒకే మంటలో ఎంత తేడానో!

చువ్వ ఎర్రబడక మసిబారిందా? కట్టె పచ్చిదన్నా అయ్యుండాలి, గాలన్నా ఆడకపోయుండాలి. బూడిద తీసి, కట్టెలు సన్నగా చీల్చి, ఎడంగా పేర్చి మళ్ళీ చూడండి.

వంటకు అసలు పరీక్ష వేరే ఉంది. లీటరు నీళ్ళు మూతపెట్టి, గడియారం చూస్తూ మరిగించండి. కట్టెలు ముందే తూచుకోండి. చువ్వ మెరిసినా నీళ్ళు ఆలస్యంగా కాగుతుంటే, వేడి గిన్నె పక్కలనుంచి పోతోందన్నమాట. చుట్టూ ఖాళీ కొంచెం తగ్గించండి. మరీ మూశారో, పొగంతా మీ కళ్ళలోకే!