ఒక్క తేదీకి ఒదగని ఊళ్లు

సెప్టెంబరు 17 వచ్చిందంటే హైదరాబాద్‌లో ఒకే చరిత్రకు నాలుగైదు పేర్లతో జెండాలు ఎగురుతాయి. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి పరేడ్ గ్రౌండ్స్‌లో హైదరాబాద్ విమోచన దినం జరుపుతోంది. 2024 మార్చిలో అందుకు గెజిట్ నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. కేసీఆర్ ప్రభుత్వం అదే 2022లో జాతీయ సమైక్యతా దినోత్సవం అంది. రేవంత్ రెడ్డి ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుకుంటారు. ఎర్రజెండా పట్టిన వారిలోనే కొందరు ఆ తేదీని విద్రోహ దినం అంటారు. ఇవేవీ అనకుండా ఆ రోజు తలుపులు వేసుకునే ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి.

పేరు ఏదైనా అందరూ ఒక విషయంలో ఏకీభవిస్తున్నారు: కథంతా ఆ ఒక్క రోజు చుట్టూ తిరగాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు అనుభవం అందుకు ఒప్పుకోదు. ఇక్కడి జనానికి ఆ తేదీ యుద్ధం మధ్యలో వచ్చింది. దానికి ముందు రెండేళ్లకు పైగా తుపాకులు పేలాయి, దాని తరువాత మరో మూడేళ్లు పేలాయి.

సైన్యం కదలికలే చూడండి. 1948 సెప్టెంబరు 13 ఉదయమే విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సేనలు కోదాడ చేరాయి, మధ్యాహ్నానికి మునగాలలో ఉన్నాయి. 15న సూర్యాపేట మీద విమానాలు బాంబులు వేశాయి, ఆపైన పట్టణం సైన్యం చేతికి వచ్చింది. వెనక్కు తగ్గుతున్న నిజాం బలగాలు మూసీ వంతెనను పేల్చేశాయి. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించే నాటికి ఈ బాట వెంట ఉన్న ఊళ్లలో ఆయన రాజ్యం పోయి కొన్ని రోజులైంది.

అసలు సరిహద్దు కూడా ఇక్కడ సూటిగా ఉండేది కాదు. మోతె పక్కనే ఉన్న మునగాల పరగణా నిజాం రాజ్యం నడుమ బ్రిటిషు ఇలాకా. కృష్ణా జిల్లాకు చెందిన ముక్క ఇది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే నల్లగొండలో కలిసింది. చుట్టుపక్కల పల్లెల్లో చట్టం ఒకటి, పొలిమేర దాటితే మరొకటి. నిజాం పోలీసుల నుంచి తప్పుకోవాలనుకున్న వారికి ఆ గీత ప్రాణం కాపాడే గీత. అదే మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు అండగా నిలిచారు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలితో తెలుగువారి చదువుకు దారి వేశారు. ఆ పరగణా రైతులే 1930లలో అదే జమీందారీ మీద తిరగబడ్డారు. గ్రంథాలయ ఉద్యమ చరిత్రలో మునగాల ఒక వెలుగు, రైతు ఉద్యమ చరిత్రలో మునగాల ఒక గాయం. రెండూ నిజమే. ఒక చరిత్ర చదివినవారు రెండోది వినకపోవడం వల్లే మన వాదనలు ఇంత పదునెక్కాయి.

విమోచన కథనానికి బలం ఉంది. ఖాసిం రజ్వీ రజాకార్లు చేసిన దారుణాలను ఎవరూ తుడిచెయ్యలేరు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత తెలంగాణకు తెలుసు. కానీ దీన్ని హిందూ ప్రజల మీద ముస్లిం రాజు పెత్తనంగా మాత్రమే చెప్పేవారు గడీల దగ్గర ఆగిపోతారు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే దేశ్‌ముఖ్ కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశారు. వెట్టి చేయించుకున్న విస్నూరు దొర రామచంద్రారెడ్డీ హిందువే. ఆ దొరలకు రజాకార్లు కాపలా కాశారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది విస్నూరు దొర గూండాల తుపాకీ. అంతకు ముందే అదే దొర మీద భూమి కోసం కొట్లాడి చనిపోయినవాడు షేక్ బందగీ. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్. మతం గీత ఒక్కటే గీసి చూస్తే ఈ ఇద్దరూ ఏ పక్కన నిలబడాలి?

విలీనం, సమైక్యత అనేవారి కథనం మెత్తగా సాగుతుంది. అందులో రక్తం కనపడదు. నిజాం రాజప్రముఖ్‌గా 1956 దాకా కొనసాగాడు. గడీలు వదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనకే తిరిగివచ్చి, పంచిన భూములు మళ్లీ లాక్కోబోయారు. పోలీసు చర్య అని పేరు పెట్టిన ఆ సైనిక దాడి సమయంలోనూ తరువాతా ముస్లింల మీద జరిగిన హింసను విచారించమని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ బృందం లెక్కకట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం అన్నిటికంటే ఎక్కువ. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. దేశం ఏకమైన కథలో ఇంతమంది చావుకు ఒక వాక్యమైనా ఇవ్వకపోవడం అన్యాయం.

ఇక ఈ నేల తనదిగా భావించే కథనం సాయుధ పోరాటానిది. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు, నాలుగు వేల మంది అమరులు. ఈ లెక్కలు సూర్యాపేట, కోదాడ సభల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. చీట్ల సంఘం అని జనం పిలిచిన ఆంధ్ర మహాసభ పల్లెకు వచ్చాక దొర ముందు చెప్పులు వేసుకుని నడిచినవారి ధైర్యం ఈ కథనానికి ప్రాణం. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు ఊరికే రాలేదు. అయితే యూనియన్ సైన్యం వచ్చాక పోరాటం కొనసాగించాలా వద్దా అన్నదాని మీద నాయకత్వం చీలిపోయింది. వద్దన్న వారిలో రావి నారాయణరెడ్డే ముందున్నారు. విరమణ ప్రకటన 1951 అక్టోబరు 21 దాకా రాలేదు. ఆ మధ్య కాలంలో మిలిటరీ క్యాంపులకు, జైళ్లకు వెళ్లినవారు, తిరిగి రానివారు ఎవరి నిర్ణయానికి మూల్యం చెల్లించారన్న ప్రశ్నకు సభల్లో జవాబు దొరకదు. పోరాట దళాల చేతిలో ఇన్ఫార్మర్ల పేర చనిపోయినవారి ఇళ్లూ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. తుపాకీ పట్టిన ఆడవాళ్లను పోరాటం ముగియగానే పొయ్యి దగ్గరకు పంపిన సంగతి బయటికి రావడానికి 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తేవలసి వచ్చింది.

నా అభిప్రాయం దాచుకోను. ఈ కథనాలన్నిటిలో ఇక్కడి ప్రజలకు దగ్గరగా ఉన్నది భూమి చుట్టూ అల్లుకున్నదే. కారణం సిద్ధాంతం కాదు. మిగతా కథనాలు పాలకుడు ఎవరన్నది అడిగితే, వెట్టి చేసినవాడు పొలం ఎవరిదన్నది అడిగాడు. ఆ రెండో ప్రశ్న ఇప్పటికీ నడుస్తోంది. పోరాటం వేడి చల్లారక ముందే వచ్చిన 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. తరువాత చేర్చిన 38-ఇ సెక్షన్ కింద వాళ్లకు యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ కాగితాలు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుల చుట్టూ తిరిగే వారసులు నేటికీ ఉన్నారు. పేరు మార్చి ఉత్సవం జరపడానికి ఒక జీవో చాలు. ఈ కాగితాలు తేల్చడానికి ఏడు దశాబ్దాలు చాలలేదు.

కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ, సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరులో రెండు ప్రభుత్వాలు రెండు పేర్లతో పోటీ సభలు పెట్టాయి. ఆ కాలాన్ని కళ్లారా చూసినవారు వేళ్ల మీద లెక్కించేంత మందే మిగిలారు.

రాష్ట్ర ప్రభుత్వం చేయదగిన పని ఒకటుంది. 1946 నుంచి 1951 దాకా చనిపోయినవారి పేర్లు ఊరి వారీగా నమోదు చేయించాలి. రజాకార్లు చంపినవారు, సైన్యం కాల్చినవారు, దళాలు చంపినవారు, పోలీసు చర్యలో పోయిన ముస్లింలు అందరూ ఆ జాబితాలో ఉండాలి. మిలిటరీ పాలన నాటి నిర్బంధ రికార్డులు తెరవాలి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, ఆ పని దానికి అప్పగించవచ్చు. మోతె, మునగాల, నడిగూడెం, చివ్వెంల పల్లెల్లో ఇంట్లో తొంభై దాటిన తాతో అమ్మమ్మో ఉన్నవారు సర్కారు కోసం కాచుకోవద్దు. ఈ వారమే కూర్చోబెట్టి అడగండి, ఫోనులో రికార్డు చేయండి.