న్యూ టౌన్ వాకిట్లో విదేశాంగ విధానం: బంగ్లాదేశ్‌పై కమలదళంలో మూడు గొంతులు

న్యూ టౌన్ (కోల్‌కతా): విమానాశ్రయానికి చేరువలో, ఒకప్పటి రాజార్‌హాట్ పొలాల మీద లేచిన ఉపనగరం ఇది. సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు, ఎకో పార్క్, బహుళ అంతస్తుల నివాస సముదాయాలు దీని ఆనవాళ్లు. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా ఢాకా విడిచి భారత్‌కు చేరుకున్న తర్వాత న్యూ టౌన్‌కు మరో గుర్తింపు వచ్చింది. అవామీ లీగ్‌కు చెందిన మాజీ మంత్రులు, మాజీ ఎంపీలు పలువురు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో అద్దెకు ఉంటున్నారని పత్రికలు రాశాయి. కోల్‌కతా శివారులోని ఒక వాణిజ్య సముదాయంలో బోర్డు కూడా లేని గదిలో ఆ పార్టీ కార్యాలయం నడుస్తోందని 2025 ఆగస్టులో బీబీసీ కథనం వెలువరించింది. ఆ వెంటనే ఢాకా తాత్కాలిక ప్రభుత్వం ఢిల్లీ, కోల్‌కతాల్లోని అవామీ లీగ్ కార్యాలయాలను మూసివేయించాలని కోరింది. అలాంటి కార్యకలాపాలేవీ తమ దృష్టికి రాలేదని, పరాయి దేశాలకు వ్యతిరేకంగా భారత భూభాగం నుంచి రాజకీయాలు నడపడాన్ని అనుమతించబోమని విదేశాంగ శాఖ బదులిచ్చింది.

హసీనాకు ఢాకాలోని అంతర్జాతీయ నేరాల ట్రైబ్యునల్ 2025 నవంబర్ 17న, ఆమె పరోక్షంలో, మరణశిక్ష విధించడంతో ఈ వ్యవహారం మళ్లీ ముందుకొచ్చింది. తీర్పును గమనించామన్న ముక్తసరి ప్రకటనతో ఢిల్లీ సరిపెట్టింది. అధికార పక్షం శ్రేణుల్లో మాత్రం ఇంత పొదుపు ఎన్నడూ లేదు. బంగ్లాదేశ్ విషయంలో జాతీయవాద శిబిరం ఏడాదికి పైగా కనీసం మూడు గొంతులతో మాట్లాడుతోంది.

మొదటిది బెంగాల్ గొంతు. ఇస్కాన్‌తో అనుబంధం ఉన్న సన్యాసి చిన్మయ్ కృష్ణదాస్‌ను 2024 నవంబర్ 25న బంగ్లాదేశ్ పోలీసులు అరెస్టు చేసిన తర్వాత, రాష్ట్ర అసెంబ్లీలో ప్రతిపక్ష నేత సువేందు అధికారి పెట్రాపోల్ సరిహద్దు వద్ద నిరసనకు దిగి, వాణిజ్యాన్ని స్తంభింపజేస్తామని హెచ్చరించారు. రెండోది ఈశాన్యం గొంతు. ఈశాన్య రాష్ట్రాలకు సముద్రపు దారి లేదని, అక్కడి సముద్రానికి తామే రక్షకులమని మహమ్మద్ యూనస్ 2025 మార్చి చివర్లో చైనాలో వ్యాఖ్యానించినప్పుడు, త్రిపురలో బీజేపీ మిత్రపక్షమైన టిప్రా మోతా నేత ప్రద్యోత్ మాణిక్య ఏకంగా బంగ్లాదేశ్‌ను చీల్చాలన్న మాట అన్నారు. అస్సాం ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ ఆ దేశానికీ రెండు ఇరుకైన మెడలు ఉన్నాయని గుర్తు చేశారు. మూడోది ఢిల్లీ గొంతు. విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ 2024 డిసెంబర్ 9న ఢాకా వెళ్లి యూనస్‌ను కలిశారు. ప్రధాని మోదీ 2025 ఏప్రిల్ 4న బ్యాంకాక్‌లో ఆయనతో సమావేశమై, వాతావరణాన్ని చెడగొట్టే వ్యాఖ్యలు మానుకోవాలని సూచించారు. ఆ సూచన ఢాకాకు చేసినదే. అగర్తలాలో, గువాహటిలో కూడా ఎవరైనా విని ఉంటే బాగుండేది.

రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ ఈ మూడింటి మధ్యలో నిలబడింది. 2024 నవంబర్ 30న దత్తాత్రేయ హోసబళె విడుదల చేసిన ప్రకటన హిందువులపై దాడులను తీవ్రంగా ఖండించింది. కానీ ప్రభుత్వాన్ని కోరిందల్లా ప్రయత్నాలు కొనసాగించాలని, ప్రపంచ అభిప్రాయాన్ని కూడగట్టాలని మాత్రమే. 2025 మార్చిలో బెంగళూరులో జరిగిన అఖిల భారతీయ ప్రతినిధి సభ తీర్మానమూ ఐక్యరాజ్యసమితి వైపే చూసింది. సరిహద్దు దాటి సైన్యాన్ని పంపాలన్న కోరిక అందులో లేదు.

విచిత్రమేమిటంటే, విదేశీ గడ్డపై సైనికులను దించాలన్న బాహాటమైన విన్నపం బీజేపీ నుంచి కాక దాని ప్రత్యర్థి నుంచి వచ్చింది. బంగ్లాదేశ్‌కు ఐరాస శాంతి పరిరక్షక దళాన్ని పంపేలా కేంద్రం చొరవ తీసుకోవాలని 2024 డిసెంబర్ 2న ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అసెంబ్లీలో కోరారు. భద్రతా మండలి తీర్మానం, ఆతిథ్య దేశం అంగీకారం లేనిదే శాంతి దళం అడుగు పెట్టదు. పైగా ప్రపంచమంతటా శాంతి దళాలకు అత్యధికంగా సైనికులను పంపే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. ఓట్ల లెక్కలు సరిహద్దు జిల్లాల్లో ఏ పార్టీనైనా ఒకే దారి పట్టిస్తాయనడానికి ఇదో నిదర్శనం.

ఈ చీలిక కొత్తది కాదు, దాని మూలం కోల్‌కతాలోనే ఉంది. తూర్పు పాకిస్థాన్ హిందువుల రక్షణకు నెహ్రూ–లియాఖత్ ఒప్పందం చాలదంటూ 1950 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం నుంచి వైదొలిగిన శ్యామాప్రసాద్ ముఖర్జీ మరుసటి ఏడాది భారతీయ జనసంఘ్‌ను స్థాపించారు. అంటే ఆ పార్టీ పుట్టుకలోనే తూర్పు సరిహద్దు ప్రశ్న ఉంది. అదే కాలపు మరో సంప్రదాయవాద పక్షం, 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ, వేరే దారిలో నడిచింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా తొలి అధ్యక్షుడిగా ఉన్న ఆ పార్టీ అలీన విధానాన్ని శంకించి పశ్చిమ దేశాలతో చెలిమి కోరింది. 1964లో చైనా అణుపరీక్ష తర్వాత జనసంఘ్ అణుబాంబు కావాలంటే, స్వతంత్ర పార్టీ మూలపురుషుడు రాజాజీ అణ్వాయుధాలకే వ్యతిరేకిగా నిలిచారు.

ప్రతిపక్షంలో కఠినత్వం, అధికారంలో సంయమనం: ఇదీ జనసంఘ్ వారసుల చరిత్ర. 1971 ఆగస్టులో బంగ్లాదేశ్‌ను గుర్తించాలంటూ సత్యాగ్రహం చేసిన జనసంఘ్, మరుసటి ఏడాది సిమ్లా ఒప్పందాన్ని గెలిచిన యుద్ధాన్ని చర్చల్లో పోగొట్టుకోవడంగా తప్పుపట్టింది. 2003లో అదే సంప్రదాయం నుంచి వచ్చిన వాజ్‌పేయి ప్రధానిగా ఉండగా, ఇరాక్‌కు ఒక డివిజన్, అంటే దాదాపు 17 వేల మంది సైనికులను పంపాలని అమెరికా కోరింది. అప్పుడు వెంకయ్యనాయుడు పార్టీ అధ్యక్షుడు. అమెరికాకు దగ్గరయ్యే అవకాశాన్ని వదులుకోరాదని ప్రభుత్వంలోని ముఖ్యులు కొందరు భావించారని నాటి కథనాలు చెబుతాయి. వాజ్‌పేయి వామపక్ష నాయకులను పిలిచి, మీ నిరసన ఇంత మెల్లగా ఉందేమిటని చమత్కరించినట్లు రాజకీయ వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. జులై 14న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ తుది మాట చెప్పింది: ఐరాస స్పష్టమైన ఆదేశం లేనిదే సైన్యం కదలదు. శ్రీలంకలో 1,100 మందికి పైగా జవాన్లను కోల్పోయి 1990 మార్చిలో తిరిగొచ్చిన శాంతి దళం జ్ఞాపకం అప్పటికి పదమూడేళ్ల నాటిదే.

మోదీ ప్రభుత్వమూ ఈ బాట తప్పలేదు. భారత సైనికులు వెళ్లిపోవాలన్న నినాదంతో గెలిచిన మాల్దీవుల అధ్యక్షుడు ముయిజ్జు పట్టుబట్టినప్పుడు, సామాజిక మాధ్యమాల్లో బహిష్కరణ పిలుపులు హోరెత్తుతుండగానే, 90 మందికి లోపున్న ఆ సిబ్బందిని 2024 మే 10 గడువులోగా వెనక్కి రప్పించి వారి స్థానంలో పౌర సాంకేతిక నిపుణులను పంపింది. హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం అక్కడే ఉన్నాయి. మరుసటి ఏడాది జులైలో మోదీ మాలేలో పర్యటించారు. యూనిఫాం పోయింది, పని మిగిలింది.

బంగ్లాదేశ్‌పై ఢిల్లీ వాడిన ఆయుధం వాణిజ్యం. 2025 ఏప్రిల్‌లో సరుకు రవాణా వెసులుబాటును రద్దు చేసింది. మే 17న బంగ్లా రెడీమేడ్ దుస్తులను భూమార్గంలో నిషేధించి, కోల్‌కతా, నవసేవా రేవులకే పరిమితం చేసింది. సువేందు అధికారి కోరిన పూర్తి స్తంభన కాదిది, కొలిచి వేసిన దెబ్బ. అయినా దాని నొప్పి రెండు వైపులా తగిలింది. పెట్రాపోల్‌లో లారీ డ్రైవర్లకు, హమాలీలకు, ఏజెంట్లకు సరిహద్దే జీవనాధారం. బంగ్లాదేశ్‌తో భారత్‌కున్న 4,096 కిలోమీటర్ల సరిహద్దులో 2,217 కిలోమీటర్లు బెంగాల్‌దే. కఠిన వైఖరి కోరేవారు తప్పించుకునే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇక్కడి నుంచి వెళ్లే ప్రతి బెదిరింపు అక్కడి మైనారిటీలను ‘భారత్ మనుషులు’గా ముద్ర వేయాలనుకునేవారికి అందివచ్చే సాకు. ఎవరి రక్షణ పేరుతో గొంతు పెంచుతున్నారో, దాని ఖరీదు ముందుగా చెల్లించేది వారే. 2024 డిసెంబర్ 2న అగర్తలాలో బంగ్లాదేశ్ సహాయ హైకమిషన్‌లోకి నిరసనకారులు చొరబడినప్పుడు, అది తీవ్ర విచారకరమని విదేశాంగ శాఖ అదే రోజు ప్రకటించాల్సి వచ్చింది.

అలాగని ఢిల్లీ సంయమనం నిష్కళంకమనీ చెప్పలేం. సైన్యాన్ని పంపకపోవడం ఒక నిర్ణయమైతే, ప్రవాస నాయకత్వానికి చోటివ్వడం మరో నిర్ణయం. దీనిపై పార్లమెంటులో గానీ పార్టీలో గానీ చెప్పుకోదగ్గ చర్చ జరగలేదు. 1971లో ఇదే కోల్‌కతాలోని థియేటర్ రోడ్డు నుంచి ప్రవాస బంగ్లాదేశ్ ప్రభుత్వం పనిచేసింది. ఆ పోలికను అవామీ లీగ్ అభిమానులు తరచూ తెస్తారు. కానీ ఆనాటి నాయకులు తూర్పు పాకిస్థాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 గెలిచి వచ్చినవారు. ఈనాటివారు, 1,400 మంది వరకు చనిపోయి ఉండవచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసిన అణచివేత తర్వాత దేశం విడిచినవారు. ఒకనాటి ఆతిథ్యం భారత్‌కు పొరుగుజనం అభిమానాన్ని సంపాదించిపెట్టింది. ఈనాటిది అదే జనంలో అనుమానాన్ని పెంచుతోంది.

కాలం కూడా ఒత్తిడి తెస్తోంది. 2013 నాటి నేరగాళ్ల అప్పగింత ఒప్పందంలో రాజకీయ నేరాలకు మినహాయింపు ఉన్నా, హత్యాభియోగాలను ఆ పరిధి నుంచి తప్పించారు. అందువల్ల ఢాకా 2024 డిసెంబర్ 23న పంపిన లేఖకు న్యాయపరమైన జవాబు అంత తేలిక కాదు. ఇక 1996 డిసెంబర్ 12న సంతకాలైన గంగా జలాల ఒప్పందం గడువు ముప్పై ఏళ్లు. అది 2026 డిసెంబర్‌తో ముగుస్తుంది. ఫరక్కా నీటి పంపకం గురించి మాట్లాడాల్సింది ఢాకాలో అధికారంలో ఉన్నవారితోనే. ఆ సంప్రదింపుల్లో బెంగాల్ ప్రభుత్వానికి, అంటే ఆ రాష్ట్ర ఎన్నికల్లో గెలిచేవారికి, గట్టి పాత్ర ఉంటుంది. పెట్రాపోల్‌లో లారీలు ఆపుతామన్న పార్టీయే అక్కడ గెలిస్తే, నీటి లెక్కలతో ఢాకా ప్రతినిధుల ఎదుట కూర్చునే బృందంలో ఆ పార్టీ మనుషులూ ఉంటారు.