ఆరోగ్య విషయములు: గడప దాటని దినములు

ఆటలమ్మ పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టుట తెలుగు పల్లెలలో పూర్వాచారము. ఆ మండలను చూచినవారు లోనికి పోరు. ఆ యింటివారు పొరుగిండ్లకు రారు. పెద్దలు వైరసు అను పురుగు నెరుగకపోయినను, వారు చేసిన పని సరియైనదే. అంటురోగమునకు స్వంతముగ కాళ్లు లేవు. అది మనుష్యుల కాళ్లతోనే యింటింటికి తిరుగును. ఐనను జ్వరము, దగ్గు వచ్చినప్పుడు ఈ జాగ్రత్త మరచిపోవుదురు. బంధువులు పరామర్శకు వచ్చి మంచముచుట్టు కూర్చుందురు. రోగియో, ఒకదినపు కూలి పోవునని దగ్గు దాచుకొని పనికి పోవును.

ఈ విషయమున సింగపూరు దీవి రెండుమారులు గొప్ప పరీక్షకు లోనైనది. 2003వ సంవత్సరము హాంకాంగు నుండి వచ్చిన ప్రయాణికుల మూలమున సార్సు అను శ్వాసరోగ మచట ప్రవేశించెను. 238 మందికి సోకి, 33 మంది ప్రాణములను గొనెను. రోగులను టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రిలో నుంచిరి. రోగులతో మెలగినవారిని మాత్రము, మార్చి 24వ తేదీ మొదలు, అంటువ్యాధుల చట్టము ననుసరించి పదేసి దినములు ఇల్లు కదలనీయలేదు. మొదట ఉత్తరువు పొందినవారు 740 మంది. ఈ కట్టుబాటు ఫలించినది. మే 31వ తేదీ నాటికి ఆ దేశము సార్సు వ్యాపించు దేశముల పట్టికనుండి తొలగింపబడెను.

2020లో వచ్చిన కోవిడ్ అంతకంటె మాయలమారి. సార్సు రోగి బాగుగ జబ్బుపడిన పిమ్మటనే తరచుగ ఇతరుల కంటించును. కోవిడ్ సోకినవాడు జ్వరము రాకముందే అంటింపగలడు. వలస కూలీలు నివసించు డార్మిటరీలలో ఒక్కొక్క గదిలో పదిమందికి మించి, మంచముపై మంచము వేసికొని పరుండుచుండిరి. స్నానపుగదులును వంటయిండ్లును ఉమ్మడివే. ఏప్రిల్ 5వ తేదీని పుంగోల్, తోగువాన్ అను తావులందలి రెండు డార్మిటరీలలో నున్న సుమారు 20,000 మందిని పదునాలుగు దినములు గదులలోనే యుండుమనిరి. జీతమును భోజనమును ఇచ్చుటకు ఏర్పాటు జరిగెను. ఐనను ఒకే గదిలో రోగియు ఆరోగ్యవంతుడును కలిసియున్నప్పుడు తలుపు మూసిన నేమి లాభము? ఆ యేడాది డిసెంబరు నాటికి డార్మిటరీలలోని 3,23,000 మందిలో నూటికి 47 మందికి రోగము సోకినట్లు పరీక్షలవలన తేలెను. కనుక ఇంట నుండుట మాత్రమే చాలదు. ఇంటిలో రోగికి వేరు చోటుండవలెను.

2021 నాటికి జనులలో పెక్కురు టీకాలు వేయించుకొనిరి. అప్పుడు స్వల్పముగ జబ్బుపడినవారిని ఇంటనే కోలుకొననిచ్చు పద్ధతిని సింగపూరు ప్రభుత్వము ఆరంభించెను. టీకా పొందినవారికి పది దినములు, పొందనివారికి పదునాలుగు దినములు గడువు పెట్టిరి. 2023 ఫిబ్రవరి 13 నుండి ఆ నిర్బంధము తీసివేయబడినది. కాని జబ్బుగ నున్నవారు ఇల్లు కదలకుండుటే మేలను సలహా మారలేదు.

ఒకే గది గల లైను ఇండ్లలో ఇది సాధ్యమా యని కొందరడుగుదురు. పూర్తిగా కాకున్నను కొంత సాధ్యమే. రోగి మంచమును కిటికీయొద్ద వేసి, కిటికీ తెరచియుంచవలెను. ఇతరులు వీలైనంత దూరముగ, తల యొకవైపు కాళ్లొకవైపుగా మార్చి పరుండవలెను. రోగియు, సేవచేయువారును ముక్కునోరు కప్పు మాస్కు ధరింపవలెను. సేవకు ఒక్కరే చాలును. ఆ యొక్కరు ముసలివారుగాని, గర్భిణిగాని, మధుమేహము గలవారుగాని కారాదు. కంచము, గ్లాసు వేరుగ నుంచి సబ్బుతో కడిగిన చాలును. ఉమ్మడి స్నానపుగదికి రోగి అందరికంటె కడపట పోవలెను. గంజి, జావ, నీళ్లు విరివిగ త్రాగించవలెను.

కాని యింట నుండరాని గడియ యొకటి కలదు. ఆయాసము, గుండెలో నొప్పి, మాటతడబాటు, లేపినను లేవని మగత, పెదవులు నీలమగుట, వీనిలో నేది కనబడినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను. వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు 94 గాని అంతకు తక్కువగాని చూపినచో వైద్యునికి వెంటనే తెలుపవలెను. ఏకాంతమనగా రోగిని విడిచిపెట్టుట కాదు.

కడపటి మాట కూలిని గూర్చినది. 2020లో సింగపూరు ప్రభుత్వము, ఉత్తరువువలన ఇంట నిలిచిపోయిన స్వయంవృత్తులవారికి దినమునకు 100 డాలర్ల చొప్పున నిచ్చెను. ఆకలిగొన్నవాడు ఇంట నుండలేడని వారు గ్రహించిరి. అట్టి సహాయము లేనిచోట ఇరుగుపొరుగువారే దానిని కొంత తీర్పవలెను. ఒకరు బియ్యము తెత్తురు, ఒకరు నీళ్లు మోయుదురు, ఒకరు బిడ్డలను చూతురు. సామానును గడపవెలుపల నుంచి, కేకవేసి, క్షేమమడిగి మరలిపోవలెను. జబ్బుపడినవానిని వెలివేసినట్లు చూచిన, మరునాడు మరియొకడు తన జ్వరమును దాచును. దాచిన జ్వరమే లైనంతయు ప్రాకును. ఆదరణగల చోటనే రోగి ధైర్యముగ తలుపు మూసికొనును.